ఎండకు పాడైన చర్మానికి రెటినాయిడ్ క్రీము: ఏళ్ల తరబడి వాడే పద్ధతి

ఇరవై ముప్పై ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరు ముఖాన్ని తేరిపార చూస్తే, కుడి చెంప ఎడమ చెంపకన్నా ఒక ఛాయ నల్లగా, కాస్త మొద్దుగా, కంటి మూల గీతలు లోతుగా ఉండటం చాలామందిలో కనిపిస్తుంది. మన దేశంలో డ్రైవరు కిటికీ కుడివైపు ఉంటుంది. పక్క కిటికీకి వాడే మామూలు అద్దం చర్మాన్ని పైపైన కమలబెట్టే యూవీ-బి కిరణాలను చాలావరకు ఆపుతుంది గాని, లోపలి పొరదాకా చొచ్చుకుపోయే యూవీ-ఎ కిరణాలను అంతగా ఆపదు. స్టీరింగ్ ఎడమవైపు ఉండే అమెరికాలో 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ఫొటో ఒకటి 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. అందులో ఆయన ముఖం ఎడమ సగం, కుడి సగానికి తండ్రిలా ఉంటుంది. రెండు చెంపలదీ ఒకే వయసు, తల్లిదండ్రుల నుంచి వచ్చినదీ ఒకే చర్మం. తేడా తెచ్చింది ఎండే.

ఈ తేడాను కొంతమేరకైనా వెనక్కి తిప్పగలవని గట్టి రుజువులున్న పైపూత మందులు చాలా తక్కువ. వాటిలో ముందు వరుసలో నిలిచేవి రెటినాయిడ్లు. అయితే వీటిని మొదలుపెట్టిన వారిలో చాలామంది మూడు నెలలు నిండకుండానే మానేస్తారు. మందు పనిచేయక కాదు, మొదటి పదిహేను రోజుల్లో ఎక్కువ రాసి, ముఖం ఎర్రబారి, పొట్టు రేగి, భయపడి వదిలేస్తారు. నేనూ ఒకసారి అలా మానేసినవాడినే. కనుక ఈ వ్యాసంలో ఏ క్రీము గొప్పదన్న చర్చకన్నా, ఎంత తక్కువగా మొదలుపెట్టి ఎంతకాలం నిలబడాలన్న విషయానికే ఎక్కువ చోటిస్తున్నాను. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు; డాక్టరు చీటీ రాసి పంపిన తరువాత ఇంట్లో అద్దం ముందు నిలబడిన మనిషికి పనికొచ్చే వివరం మాత్రమే.

మందు ఎక్కడిది, ఏం చేస్తుంది

రెటినాయిడ్లంటే విటమిన్-ఎ కుటుంబానికి చెందిన పదార్థాలు. ఎండకు పాడైన చర్మం మీద వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షకు నిలిచినది ట్రెటినాయిన్. అమెరికాలో 1971లో మొటిమల మందుగా దీనికి అనుమతి వచ్చింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడైన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ దగ్గర మొటిమలకు దీన్ని వాడిన స్త్రీలలో కాస్త వయసు మీద పడినవారు, మొటిమల సంగతి అలా ఉంచి, చర్మం నున్నబడిందనీ సన్నగీతలు తగ్గాయనీ చెప్పడంతో ఆయన దృష్టి అటు మళ్లింది. 1986లో ఆయన బృందం ఎండకు ముదిరిన చర్మంపై ట్రెటినాయిన్ ఫలితాలను ప్రచురించింది. ఇదే క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీలపై రెండు దశాబ్దాలకు పైగా జరిపిన ప్రయోగాలు వైద్యచరిత్రకు మాయని మచ్చ. ఆ మాట దాచి మందు ఘనత ఒక్కటే చెప్పడం నాకు సబబుగా తోచదు.

తరువాత 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు చేసిన పరీక్ష తీరు చాలా చక్కనిది. 30 మందికి 16 వారాలపాటు ఒక ముంజేతికి ట్రెటినాయిన్, రెండో ముంజేతికి మందు కలపని ఉత్త క్రీము ఇచ్చారు. ఏ చేతికి ఏది రాస్తున్నారో రాసుకునేవారికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. మందు రాసిన చేయి మెరుగుపడింది; అలాగే మందు రాసుకున్నవారిలో చాలామందికి చర్మం ఎర్రబడి పొట్టు లేచింది. లాభమూ బాధా రెండూ ఆనాడే ఒకే కాగితం మీద కనబడ్డాయన్నమాట. 1995లో అమెరికా ఔషధ సంస్థ 0.05 శాతం ట్రెటినాయిన్ క్రీమును ఎండవల్ల వచ్చిన సన్నగీతలకు, మచ్చలకు, గరుకుదనానికి అనుమతించింది. అయితే ఎండ నుంచి కాపాడుకోవడంతో కూడిన చర్మసంరక్షణకు తోడుగా మాత్రమే వాడాలని షరతు పెట్టింది. ఆ షరతును మనవాళ్లు చదవరు. ఫలితం రాలేదనే ఫిర్యాదుల్లో సగానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

మందు చర్మకణంలోకి వెళ్లి, కేంద్రకంలోని గ్రాహకాలకు అతుక్కుని, కొన్ని జన్యువులను మేల్కొలిపి కొన్నిటిని అణచిపెడుతుంది. ఎండ తగిలిన కొద్ది గంటల్లోనే, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీనును కత్తిరించే ఎంజైములు పెరుగుతాయి. ట్రెటినాయిన్ ఆ కత్తెరలను అదుపులో పెట్టి, మరోవైపు కొత్త కొల్లాజెన్ తయారీని ప్రోత్సహిస్తుంది. 1993లో అదే మిషిగన్ బృందం ప్రచురించిన పరిశీలనలో, 10 నుంచి 12 నెలలు ట్రెటినాయిన్ రాసినచోట కొల్లాజెన్ తయారీ 80 శాతం పెరిగితే, ఉత్త క్రీము రాసినచోట 14 శాతం తగ్గింది. ఇందులో 80 అనే అంకెకన్నా 10 నుంచి 12 నెలలు అన్న మాటను గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. పొట్టు రాలుతుంది కాబట్టి ఈ క్రీము ఏళ్ల తరబడి వాడితే చర్మం పలచబడిపోతుందని చాలామంది నమ్ముతారు. పలచబడేది పైనున్న మృతకణాల పొర మాత్రమే, అదీ చెదిరిన పొర బిగువుగా సర్దుకోవడమే. దాని కింద సజీవంగా ఉన్న పొర నిజానికి మందమవుతుంది. చర్మాన్ని నిజంగా పలచబరిచేవి స్టెరాయిడ్ క్రీములు. వాటి సంగతి కిందికి వస్తుంది.

మన చర్మం మీద ఎండ గుర్తులు

పాశ్చాత్యుల తెల్లని చర్మం మీద ఎండ ముందుగా ముడతలుగా కనిపిస్తుంది. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ముడతలు పదేళ్లో ఇరవై ఏళ్లో ఆలస్యంగా వస్తాయి గాని, రంగు తేడాలు మాత్రం ముందే వస్తాయి. చెంపల మీద మంగు, కణతల దగ్గర చిన్న చిన్న నల్లమచ్చలు, నుదురు ఒక రంగు గడ్డం ఒక రంగుగా మారడం వంటివి వాటి గుర్తులు. ఏళ్ల తరబడి పొలంలో వంగి పనిచేసినవారి మెడ వెనుక చర్మం తోలులా మందమై, మధ్యలో గళ్లు గళ్లుగా గాట్లు పడి ఉండటం చూసే ఉంటారు. అదీ ఎండ చేసినదే.

మెలనిన్ ఎక్కువ కావడం వల్ల మరో చిక్కు ఉంది. మన చర్మానికి ఎక్కడ మంట పుట్టినా, ఎక్కడ రాపిడి జరిగినా, అది మానిన చోట నల్లమచ్చ మిగులుతుంది. దోమకాటు మచ్చ నెలల తరబడి పోదన్న సంగతి మనకు తెలుసు. కాబట్టి తెల్లచర్మం ఉన్నవారికి రెటినాయిడ్ వల్ల వచ్చే ఎరుపు పది రోజుల అసౌకర్యమైతే, మనకు అది ఆరు నెలల మచ్చ కావచ్చు. మచ్చలు పోవడానికి రాసిన మందే మచ్చలు తేవడం అంటే ఇదే. మొటిమలు, గాయాలు మానాక మిగిలిన నల్లమచ్చలున్న నల్లజాతివారి మీద మిషిగన్‌లోనే 40 వారాలపాటు జరిగిన పరీక్షలో ట్రెటినాయిన్ ఆ మచ్చలను తేలికపరిచిందని 1993లో తేలింది కాబట్టి, నల్లని చర్మానికి ఇది పనికిరాదని అనుకోనక్కరలేదు. దానికి నిదానం కావాలి, అంతే.

ఏది ఎంచుకోవాలి

ట్రెటినాయిన్ ట్యూబుల మీద సాధారణంగా 0.025, 0.05, 0.1 శాతం అనే అంకెలు కనిపిస్తాయి. పెద్ద అంకె త్వరగా పనిచేస్తుందనుకోవడం సహజమే గాని, 1995లో వెలువడిన 48 వారాల పరిశీలనలో 0.1 శాతానికీ 0.025 శాతానికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మంట, ఎరుపు మాత్రం 0.1 వాడినవారిలో చాలా ఎక్కువ. అంటే నాలుగింతల మందుకు దక్కేది అదనపు బాధే. మన చర్మానికి 0.025 శాతం క్రీముతో మొదలుపెట్టి, ఏడాది తరువాత అవసరమని డాక్టరు భావిస్తేనే 0.05 శాతానికి వెళ్లడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. జిడ్డు చర్మానికి జెల్, మిగతావారికి క్రీము సరిపడతాయి.

అడాపలీన్ అనే మరో రెటినాయిడ్ ట్రెటినాయిన్‌కన్నా మెత్తనిది, వెలుతురుకు త్వరగా చెడదు. మొటిమలకు దీనికి మంచి పేరుంది గాని, ఎండ గుర్తుల విషయంలో ట్రెటినాయిన్‌కు ఉన్నంత సాక్ష్యం దీనికి లేదు. ట్రెటినాయిన్ బొత్తిగా పడనివారికి ఇది ప్రత్యామ్నాయం. టాజరోటీన్ అనే ఇంకో రెటినాయిడ్‌కు 2002లో అమెరికాలో ఎండ గుర్తులకే అనుమతి వచ్చింది. అది ఘాటైనది, కొత్తవారికి తగదు. చీటీ లేకుండా దొరికే రెటినాల్ సీరమ్‌లు చర్మంలో రెండు మెట్లు మారి గాని అసలు మందుగా తయారు కావు. అందుకే వాటి బలం తక్కువ, బాధా తక్కువ. రెటినైల్ పామిటేట్ అని రాసి ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

మందుల షాపులో మచ్చల క్రీము ఇవ్వండి అని అడిగితే చాలాచోట్ల చేతికొచ్చేది రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ మూడూ కలిసిన ట్యూబు. ఈ మూడింటి కలయికకు మూలమైన సూత్రం కూడా 1975లో క్లిగ్‌మన్ ప్రతిపాదించినదే. మంగుకు, డాక్టరు పర్యవేక్షణలో, కొద్ది వారాలకు ఉద్దేశించినది. అందులోని మొమెటాసోన్ స్టెరాయిడు. రాసిన పది రోజుల్లో ముఖం తేటపడుతుంది కాబట్టి మనిషి మానలేడు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చి, మానేసిన నాలుగో రోజుకే ముఖం నిప్పులా మండుతుంది. పక్కింటావిడ చెప్పిందని, చెల్లెలు వాడుతోందని ఈ ట్యూబును రెండు మూడేళ్లు వాడినవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఏళ్ల తరబడి వాడదగ్గది ట్రెటినాయిన్ ఒక్కటే ఉన్న ట్యూబు. కొనేముందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల జాబితా చదివి, చివర ‘సోన్’ అనో ‘సాల్’ అనో ముగిసే పేరు ఉందేమో చూసుకోండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ అన్నీ స్టెరాయిడ్లే. ఇదివరకే అలాంటిది వాడుతున్నవారు ఒక్కసారిగా మానేసి ట్రెటినాయిన్ మొదలుపెట్టకూడదు. ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

ఎవరు వాడకూడదు

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రెటినాయిడ్లు ఏ రూపంలోనూ వాడకూడదు. నోటిద్వారా తీసుకునే రెటినాయిడ్లు శిశువుకు తీవ్రమైన అవయవలోపాలు తెస్తాయన్నది నిర్ధారితమైన విషయం. పైపూత మందు రక్తంలోకి చేరేది అతిస్వల్పమే అయినా, గర్భం తొమ్మిది నెలలది, ముడతల చికిత్స ఏళ్లది. ఆగడంవల్ల పోయేదేమీ లేదు. తెలియక కొన్నాళ్లు రాశారని బెంబేలెత్తాల్సిన పని కూడా లేదు. మానేసి డాక్టరుకు చెప్పండి. పాలిచ్చే తల్లులు అడిగి గాని వాడరాదు. తామర, గజ్జి, ఎర్రని పొక్కులతో మండే ముఖం ఉన్నవారు అది తగ్గాకే మొదలుపెట్టాలి. ఎండకు చర్మాన్ని సున్నితం చేసే డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి.

ఇంకో మాట. మానని పుండు, రక్తం కారే మచ్చ, రంగూ అంచులూ మారుతున్న పుట్టుమచ్చ ఉంటే దాని మీద ఈ క్రీము రాస్తూ కాలం గడపకూడదు. రెటినాయిడ్ చర్మక్యాన్సరును ఆపుతుందన్న ఆశతో అమెరికాలో మాజీ సైనికుల మీద 0.1 శాతం ట్రెటినాయిన్‌తో జరిగిన పెద్ద పరీక్షలో అటువంటి రక్షణేమీ తేలలేదు.

మొదటి రాత్రి

కాలం కూడా కొంచెం చూసుకోండి. రోహిణి కార్తెలో మొదలుపెట్టడం తెలివైన పని కాదు. చెమటకు మందు కళ్లలోకి జారుతుంది, బయట అడుగుపెడితే ఎండ నిలువునా కాలుస్తుంది. వానలు వెనకబట్టి, గాలిలో ఇంకా తేమ ఉన్న దసరా రోజులు దీనికి అనువైనవి. చలి ముదిరేలోపు చర్మం అలవాటు పడుతుంది, వేసవి వచ్చేసరికి ఆరు నెలల సాధన ఉంటుంది.

రాత్రి పడుకోవడానికి గంట ముందు, నురుగు ఎక్కువ రాని మెత్తటి ఫేస్‌వాష్‌తో, చల్లని నీళ్లతో ముఖం కడుక్కోండి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది తుడవండి. తరువాత ఇరవై నిమిషాలు ఊరికే ఉండండి. తడి చర్మంలోకి మందు ఎక్కువగా చొరబడి మండుతుంది. ఈలోగా ముక్కు పక్కల మడతల్లో, పెదవుల మూలల్లో, కంటి బయటి మూలల్లో వేలికొసతో కొద్దిగా వ్యాజలీన్ అద్దండి. మందు ఎక్కడ రాసినా, నిద్రలో జారి చేరి పుండు చేసేది ఆ మడతల్లోనే.

ఇప్పుడు ట్యూబు నుంచి చూపుడువేలి కొస మీదికి ఒక పచ్చిబఠాణీ గింజంత క్రీము తీయండి. మొత్తం ముఖానికి అంతే. చూస్తే ఒక చెంపకైనా చాలదనిపిస్తుంది, అయినా చాలుతుంది. దాన్ని నుదుటి మీద రెండు, చెంపలకు ఒక్కొక్కటి, గడ్డం మీద ఒకటి చొప్పున చుక్కలుగా పెట్టి, అక్కడినుంచి వేళ్లతో పలచగా లాగుతూ కలిపేయండి, మర్దన చేయకండి. కనురెప్పల మీద వద్దు. కంటి చుట్టూ వేలికి తగిలే ఎముక అంచు దగ్గరే ఆగండి. మచ్చ ఉన్నచోట కాస్త ఎక్కువ పెడదామన్న బుద్ధి పుడుతుంది, దాన్ని అణచుకోండి. ఇది మచ్చకు పెట్టే మందు కాదు, ముఖమంతటికీ పెట్టేది. పది నిమిషాలాగి మీద మాయిశ్చరైజర్ రాసుకుని, చేతులు కడుక్కుని పడుకోండి. పొడిచర్మం వారు మందుకు ముందు ఒక పూత, తరువాత ఒక పూత మాయిశ్చరైజర్ రాసి మందును మధ్యలో ఉంచితే బాధ బాగా తగ్గుతుంది.

లెక్క సరిపోతున్నదో లేదో ట్యూబే చెబుతుంది. 20 గ్రాముల ట్యూబు ప్రతి రాత్రీ వాడినా సుమారు రెండు నెలలు రావాలి. నెల తిరక్కుండానే కొత్తది కొంటున్నారంటే మీరు బఠాణీ బదులు ఉసిరికాయ తీస్తున్నారని అర్థం.

మెడకు, చేతుల పైభాగానికి వాడదలిస్తే ముఖం అలవాటు పడిన మూడు నెలల తరువాత, వారానికి ఒక్క రాత్రితో మొదలుపెట్టండి. మెడ చర్మంలో నూనె గ్రంథులు తక్కువ కాబట్టి ముఖం ఓర్చుకున్నది మెడ ఓర్చుకోదు.

మొదటి ఆరు నెలలు

మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, అంటే సోమవారం, గురువారం అనుకోండి. బాధ లేకపోతే తరువాత నెలంతా రోజు విడిచి రోజు. ఇంకా హాయిగా ఉంటే మూడో నెల నుంచి ప్రతి రాత్రి. ఏ మెట్టు దగ్గర చర్మం మొరాయిస్తే ఆ మెట్టు దగ్గరే ఆగాలి; ఏడాదంతా వారానికి మూడు రాత్రుల దగ్గరే ఆగిపోయినా నష్టం లేదు.

నేను మొదటిసారి ఈ మెట్లేవీ ఎక్కలేదు. 0.05 శాతం ట్యూబును తొలి రాత్రి నుంచే రోజూ రాశాను. కొంచెం మండుతుంటే పనిచేస్తోందని మురిసిపోయాను. తొమ్మిదో రోజున ముక్కు పక్కల చర్మం చిట్లి, నోరు తెరిచి ముద్ద పెట్టుకుంటే పెదవి మూలలు భగ్గుమన్నాయి. మానేశాక ఎరుపు వారంలో పోయింది గాని, నోటి చుట్టూ మిగిలిన గోధుమరంగు నీడ పోవడానికి ఐదు నెలలు పట్టింది. మంట పనికి కొలమానం కాదని పుస్తకంలో చదివితే తెలిసేది కాదు, ఆ నీడను రోజూ అద్దంలో చూస్తే తెలిసింది.

సన్నగా పొట్టు లేవడం, కొంచెం బిగిసినట్టుండటం, మొదటి నెలలో మామూలే. ఆ పొట్టును గోటితో గిల్లకూడదు. రాసిన పావుగంట తరువాత కూడా మంట తగ్గకపోయినా, నీళ్లు తగిలితే చురుక్కుమన్నా, చర్మం మెరుస్తూ ఎర్రగా ఉన్నా, పూర్తిగా ఆపి ఐదారు రోజులు మాయిశ్చరైజర్ మాత్రమే వాడి, తరువాత కిందిమెట్టు నుంచి మళ్లీ ఎక్కండి. వాపు, నీరు కారడం, రెప్పలు ఉబ్బడం ఉంటే అది అలవాటు పడే దశ కాదు, డాక్టరుకు చూపించాలి.

ఫలితాలు ఒక వరుసలో వస్తాయి. నెలా రెండు నెలల్లో చేతికి నునుపు తెలుస్తుంది. రంగు తేడాలు సర్దుకోవడం మూడో నెల నుంచి ఆరో నెలదాకా సాగుతుంది. సన్నగీతలు తగ్గడం ఆరు నెలలు దాటాకే. నవ్వు మడతల లోతైన గీతలు, జారిన చర్మం దీనితో పోవు. వాటికి ఇది మందు కాదు. రోజూ అద్దంలో వెతికితే మార్పు కనబడదు కాబట్టి, మొదలుపెట్టిన రోజున ఒకే కిటికీ దగ్గర, ఉదయం ఒకే వేళలో, ముఖానికి ఏమీ రాయకుండా మూడు ఫొటోలు తీసి, మూడు నెలలకొకసారి అక్కడే మళ్లీ తీసుకోండి.

పగటి సగం

ట్రెటినాయిన్ వెలుతురుకు చెడిపోతుంది కాబట్టే రాత్రి రాస్తాం. పగలు చేయవలసిన పని సన్‌స్క్రీన్‌ది. ఇది వద్దనుకునేవారు రాత్రి క్రీము కూడా కొనకపోవడం మంచిది. రాత్రి కట్టినది పగలు కూల్చుకోవడమే అవుతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, యూవీ-ఎ రక్షణ కూడా ఉన్నట్టు రాసి ఉన్నది తీసుకుని, చూపుడువేలు, మధ్యవేలు రెండింటి నిడివికీ రెండు గీతలుగా పిండి, అది మొత్తం ముఖానికీ మెడకూ రాయాలి. బయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవారికి ఒక విశేషం: నల్లని చర్మంలో కంటికి కనిపించే వెలుగు కూడా రంగు పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగు సన్‌స్క్రీన్లు ఆపుతాయి.

క్రీముకన్నా నమ్మకమైనది గుడ్డ. టూవీలర్ మీద వెళ్లే అమ్మాయిలు కళ్లు మాత్రం కనబడేలా చున్నీ చుట్టుకోవడాన్ని ఎగతాళి చేసేవారున్నారు గాని, చర్మశాస్త్రం మాత్రం వారి పక్షానే ఉంది. పొలానికి వెళ్లేవారు తలపాగా కొసను మెడ వెనక్కి వదలడమూ అంతే.

పెళ్లిళ్లు, పార్లర్లు, పండగలు

రెటినాయిడ్ వాడుతున్న చర్మానికి పై రక్షణ కొంచెం తగ్గి ఉంటుంది. అందువల్ల వ్యాక్సింగ్ చేయిస్తే వెంట్రుకలతోపాటు పైచర్మం కూడా ఊడి రావచ్చు. వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్, పీల్ వంటివాటికి కనీసం వారం ముందు క్రీము ఆపి, ఆ తరువాత చర్మం పూర్తిగా కుదుటపడ్డాకే మళ్లీ మొదలుపెట్టాలి. పార్లర్లో ఎవరూ అడగరు కాబట్టి మీరే చెప్పాలి.

మన ఇళ్లలో నలుగు సంగతి కూడా ఉంది. పెళ్లికూతుర్ని చేసే రోజున ముఖానికి పసుపు, సున్నిపిండి పెట్టి నలిచి నలిచి వదిలిపెడతారు. భోగికీ దీపావళికీ తలంటి నలుగూ అంతే. గరుకు పిండి రుద్దుడు ఈ చర్మానికి పనికిరాదు. పెళ్లికూతురు వారం పదిరోజుల ముందే క్రీము ఆపేయాలి. పండగపూట అమ్మమ్మ చేతిని ముఖం దాకా రానీయకుండా భుజాల దగ్గరే ఆపితే అందరికీ మర్యాద. నిమ్మరసం, టొమాటో రసం, బియ్యప్పిండి స్క్రబ్బులు రెటినాయిడ్‌తోపాటు ఎప్పటికీ వద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమల జెల్‌ను అదే రాత్రి ట్రెటినాయిన్‌తో కలిపి రాస్తే మందు చెడుతుంది. అది వాడాల్సివస్తే ఉదయం వాడాలి.

షికాగో, న్యూజెర్సీ చలికాలాల్లో ఉండే మనవాళ్లు హీటరు గాలికి ఆరిపోయిన చర్మం మీద హైదరాబాదు లెక్క ప్రకారం రాస్తే పగుళ్లు వస్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా రాత్రుల సంఖ్య సగం చేసి, మాయిశ్చరైజర్ చిక్కనిది వాడాలి. సెలవులకు ఇంటికొచ్చి తిరుమల మెట్లెక్కే వారంలో పూర్తిగా ఆపడమే మేలు.

ఏడాది తరువాత

ఎప్పటిదాకా వాడాలన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, మార్పు కావాలనుకున్నన్నాళ్లూ అనే చెప్పాలి. 48 వారాలు రోజూ వాడినవారిని ఆపైన మరో 24 వారాలు గమనించిన పరిశీలనలో, వారానికి మూడు రాత్రులు కొనసాగించినవారిలో మెరుగు నిలబడింది. ఒక్క రాత్రికి తగ్గించినవారిలో అంత బాగా నిలవలేదు. పూర్తిగా మానినవారిలో కొంత వెనక్కి పోయింది. కాబట్టి మొదటి ఏడాది కట్టుకోవడానికి, తరువాతి ఏళ్లు వారానికి మూడు రాత్రుల చొప్పున నిలుపుకోవడానికి అనుకోండి. 0.05 శాతం క్రీమును రెండేళ్లు వాడినవారి చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద చూసిన 2005 నాటి పరీక్షలో కణాల్లో అపాయకరమైన మార్పులేవీ కనబడలేదు. మొటిమలకు ఇదే మందును యాభై ఏళ్లకు పైగా లోకమంతా వాడుతోంది.

ట్యూబును వంటింటి కిటికీలోనో బైకు డిక్కీలోనో పెట్టకండి. బెడ్‌రూం అల్మారాలో, మూత బిగించి, చల్లని చీకటి చోట ఉంచండి. వేసవిలో పసుపుపచ్చగా మారి వాసన వేసిన క్రీమును పారేయండి. మూత తీసిన తేదీని ట్యూబు మీద పెన్నుతో రాసుకుంటే, ఎంత వాడుతున్నారన్న లెక్కా దొరుకుతుంది.

మధ్యలో జ్వరం వచ్చో, ఊరెళ్లో, కాన్పుకో, విసుగుకో మానేయడం అందరికీ జరుగుతుంది. పది రోజుల లోపు విరామమైతే ఎక్కడ ఆపారో అక్కడే మొదలుపెట్టవచ్చు. నెల దాటితే చర్మం ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా మళ్లీ సోమవారం, గురువారం దగ్గర నుంచే ఎక్కాలి.